బానెట్ మీద తూనీగలు

కారుకు వ్యాక్స్ చాలని నేను, సెరామిక్ కోటింగే వేయించాలని మా ఆయన. ఇంత చిన్న విషయానికి పంతం పట్టడం ఆయన స్వభావం కాదు. అప్పటికి ఏడాదిగా ఆయన దేనికీ పట్టుబట్టలేదు. పట్టుబట్టాలంటే మాట్లాడాలి కదా, ఆ మాటే కరువైపోయింది మా ఇంట్లో.

కారు నాది. పామిడిలో నైటీలు మూటలుగా కొని తెచ్చి శింగనమల చుట్టుపక్కల పల్లెల్లో అంగళ్లకు వేస్తాను. బస్సుల్లో మూటలు మోయలేక ఎవరో వాడిన నల్లకారు కొన్నాను. ఈ ఎండల్లో నల్లరంగు ఎవరైనా కొంటారా అని ఊళ్లోవాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వినట్టే రెండు ఎండాకాలాలకు రంగు పాలిపోయి, కారు అడుగంటిన గిన్నెలా తయారైంది. అంగడివాళ్ల ముందు దాన్ని ఆపాలంటే నాకే సిగ్గుగా ఉండేది.

అనంతపురంలో కార్లకు పాలిష్ పట్టే చోటికి ఇద్దరం పోయాం. అక్కడి భాయ్ ఓపికమంతుడు. అప్పటికే పని పూర్తయిన రెండు కార్ల మీద నీళ్లు చల్లి చూపించాడు.

"వ్యాక్స్ అంటే మైనమే అక్కా. చేత్తో పూసి రుద్దితే బాగా మెరుస్తాది. కానీ మన ఎండకు రెండు నెల్లు నిలిస్తే గొప్ప. సెరామిక్ అట్ల కాదు, గాజు మాదిరి గట్టిపడ్తాది. ఏండ్లు ఉంటాది. దుమ్ము పట్టదు, నీళ్లు నిలవవు."

ఆ కారు మీద నీళ్లు గుండ్రటి పూసలై ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. మా ఆయన వంగి, వాటినే చూస్తూ అడిగాడు.

"నిలవనే నిలవవా?"

"నిలవవన్నా. చెంబు నీళ్లతో కారంతా కడుక్కోవచ్చు."

"మా చేను మాదిరే" అన్నాడు మా ఆయన.

ఎన్నో నెలల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన హాస్యం అది. దానికోసమే సెరామిక్‌కు ఒప్పుకున్నాను. ట్యాంకరు వస్తే తప్ప నీళ్లు లేని ఊళ్లో చెంబుతో పని అయిపోతే మంచిదేగా అని పైకి అన్నాను.

ఆయన మాట ఎందుకు పోయిందో చెప్పాలి. వరుసగా కొన్నేళ్లు మబ్బును నమ్మి వేరుశనగ వేశాడు. మబ్బు వచ్చినట్టే వచ్చి కర్ణాటక వైపు పోయింది. బోర్లు వేయించాడు, దుమ్ము లేచింది. పోయిన ఏడాది చేనంతా ఎండి, చివరికి ఎడ్లను కూడా అమ్మేశాక, వాటిని కట్టేసిన చోటు చూస్తూ అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

ఈ ఏడాది చేను బీడు పెడతానన్నప్పుడు నేను లోపల్లోపల సంతోషించాను. అటక మీద ఒక్క మూట విత్తనం కాయలు మిగిలాయి, ఎండిన చేనులో గట్టు పక్కన దక్కినవి. కాయలుగా ఉన్నంతకాలం భయం లేదు. ఒలిచారంటే మాత్రం ఇక ఆగడానికి ఉండదు. ఒలిచిన గింజ త్వరగా నేలలో పడాలి, లేకపోతే మొలక రాదు. ఆ మూట విప్పకుండా ఈ కార్తెలు దాటిపోతే చాలని రోజూ దండం పెట్టుకునేదాన్ని. నా భయం గింజల గురించి కాదు. ఇంకొక్కసారి మోసపోతే ఈ మనిషి ఉంటాడా అని. మాట మానేసిన మగవాళ్లు మా ఊళ్లో ఏమయ్యారో నాకు తెలుసు.

కోటింగ్ వేయించుకొచ్చిన కారును ఇంటి ముందు నిలబెట్టాను. మర్నాడు మధ్యాహ్నం గడపలోంచి చూసి, ఎవరో వాకిట్లో నీళ్లు ఒలకబోశారనుకున్నాను. కారు బానెట్ అది. ఆకాశం మొత్తం అందులో కదలకుండా ఉంది.

ఆ సాయంత్రమే మొదటి తూనీగ వచ్చింది. చెరువు నెర్రెలు బారి ఎన్నాళ్లో అయింది, అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. బానెట్ మీద ఒకేచోట నిలబడి, తోక కొనను కిందికి తాకించి లేచింది. మళ్లీ తాకించింది. మర్నాడు పదో పన్నెండో వచ్చాయి. వారం తిరిగేసరికి లెక్కపెట్టడం మానేశాను. రెక్కల చప్పుడు కూడా లేకుండా, పొద్దు వాలే వేళకు కారు మీద ముసురుకుని, అన్నీ తోకలు తాకిస్తూనే ఉండేవి. వాకిలి ఊడ్చే చీపురు పట్టుకుని నేను దగ్గరికి పోతే పక్కకు జరిగేవి, అంతే. పోయేవి కావు.

ఒకరోజు గొర్రెల మంద మా వీధిలో పోతూ ఆగిపోయింది. ఒక గొర్రె కారు తలుపుకు మూతి ఆనించి అలాగే నిలబడింది. కాపరి అదిలించినా కదలలేదు. అది మూతి తీశాక తలుపు మీద తడి మరక మిగిలింది. ఎందుకో నేను ఆ మరకను చాలాసేపు తుడవలేకపోయాను.

ఆ తర్వాత చప్పుడు మొదలైంది. దీపాలు పెట్టే వేళకు కారు పైన టిక్, టిక్ అని. చినుకులే అనుకుని ఇద్దరం బయటికి వచ్చాం. మా ఆయన అరచెయ్యి చాపాడు. చెయ్యి పొడిగానే ఉంది, ఆకాశంలో మబ్బు తునక లేదు, చప్పుడు మాత్రం ఆగలేదు. ఫోన్ లైటు వేసి చూశాను. చెరువుల్లో ఈదే నల్లపురుగులు పైనుంచి వచ్చి కారు మీద పడుతున్నాయి. ఒకటి బానెట్ మీద కాళ్లు రెండు పక్కలా ఆడిస్తూ ఉంది. అది ఈదుతోంది. ఉన్నచోటనే, చుక్క నీళ్లు లేకుండా ఈదుతోంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

మా ఆయన మాత్రం నవ్వాడు. "తూనీగలు కిందికి దిగినాయంటే వాన దగ్గిర పడినట్లే మ్మే" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకు మాట తిరిగొచ్చింది. అన్నం దగ్గర చేను సంగతి ఎత్తేవాడు. విత్తే గొర్రు ఎవరిది అడగాలి, ఎవరి ఎడ్లు దొరుకుతాయి అనేవాడు. పొద్దున లేచి తనే బట్ట తీసుకుని కారును తుడిచి మెరిపించేవాడు. అంతకుముందు దాన్ని ముట్టింది లేదు. ఆయన గొంతు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చేది, ఆ వెంటనే అటక వైపు చూసి భయం వేసేది.

నేను పాలిష్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"నల్లకారు కదా అక్కా, అద్దం మాదిరి ఉండాది. నీళ్లనుకోని దిగుతాండాయి, గుడ్లు పెడ్తాండాయి. ఎండకు ఎండిపోతే మరకలైతాయి, తుడుస్తా ఉండు" అన్నాడు.

"కోటింగ్ తీసేయొచ్చునా?"

"మిషనుతో రుద్ది తీయల్ల. యాలక్కా, బాగుండాదిగా?"

అంటే వాటికి వాన సంగతి ఏమీ తెలియదు. మా కారే వాటిని మోసం చేస్తోంది. వాటిని చూసి మా ఆయన మోసపోతున్నాడు. చెప్పేయాలి. చెబితే ఆ మాటలు మళ్లీ ఆగిపోతాయి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పల్లెలు తిరిగాను.

ఒకరోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన వాకిట్లో చాప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన అటక మీది మూట, మూతి విప్పి ఉంది. కాయలు ఒలుస్తున్నాడు. చాటలో గింజలు అప్పటికే సగం నిండాయి. కారు ఆపి దిగీ దిగకముందే తూనీగలు బానెట్ మీదికి దిగాయి.

ఇంట్లోకి పోయి కాయలు ఆరబోసే పట్ట తెచ్చి కారు మొత్తం కప్పేశాను. తూనీగలు ఒకసారి పైకి లేచి, అటూ ఇటూ తిరిగి, ఎటుపోయాయో పోయాయి. వాకిలి ఖాళీ అయింది.

"చూసినావా? కారు మూస్తే ఒక్కటీ లేదు. ఇవి వాన కోసం రాలేదయ్యా. దీన్ని నీళ్లనుకోని వస్తాండాయి" అన్నాను.

ఆయన ఒలవడం ఆపలేదు.

"తెలుసు మ్మే. పొద్దున్నే తుడిచేది నేను గదా, గుడ్లు కనపడవా? నీళ్లల్లో పుట్టినవే మోసపోతాండాయి, ఇంగ నేనెంత."

"తెలిసి యాలకు ఒలుస్తాండావు మరి?"

"ఇన్నేండ్లూ ఆకాశంలో మోడాన్ని నమ్మి ఏసినా. అది రాకపోతే పానం పోయినట్లుండె. ఈసారి దేన్నీ నమ్మల్యా. ఊరికే ఏస్తా. ఏయకుండా ఆ అరుగు మీద కూర్చుంటే మాత్రం నేను బతకను."

ఇంత కాలం ఆయన ఆశపడుతున్నాడని భయపడ్డాను. ఆశ ఏమీ లేకుండానే ఆయన అన్ని మాటలు మాట్లాడాడని తెలిసేసరికి ఆ భయం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. కోపం కూడా వచ్చింది, నాకు చెప్పనందుకు. తిడదామని పక్కన కూర్చున్నాను. చేతులు ఖాళీగా ఉండలేక ఒక కాయ తీసి చిదిపాను. రెండు గింజలు, ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. చాటలో వేసి ఇంకో కాయ తీశాను.

మసక పడుతుండగా కారు మీద టిక్ మని వినిపించింది. కాసేపటికి మళ్లీ టిక్, టిక్.

పట్ట కప్పే ఉంది. దుమ్ముకొట్టుకుపోయిన గరుకు పట్ట, అది మెరవదు. దాన్ని నీళ్లనుకుని ఏ పురుగూ దిగదు. ఆయన చెయ్యి ఆగింది. నా చెయ్యీ ఆగింది. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

తర్వాత ఆయన ఇంకో కాయ తీసుకున్నాడు, నేనూ తీసుకున్నాను. చాటలోని గింజలు తడవకుండా నా కొంగు కప్పాను. ఇద్దరం తలెత్తి చూడలేదు.