రాజక్క గూటిలోని గల్లీ

లాల్‌పేట్‌లో మా గల్లీని పూర్తిగా చూడదలచినవారు ఇప్పుడు రాజక్క ఇంటికి వెళ్లాలి. బయటి గల్లీలో సగం ఇళ్లు లేవు. పోయినవన్నీ ఆమె ఇంటి గోడ గూటిలో బొమ్మలుగా ఉన్నాయి, ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడేంత. అగ్గిపెట్టె అట్టతో గోడలు, పౌడరు డబ్బా రేకుతో కప్పు, అగరుబత్తి పుల్లలతో తలుపు చట్రం. వాకిట్లో కుంకుడు గింజంత తులసికోట, దండెం మీద గోరంత చీర. వాటి ముందు నిలబడితే కళ్లు తిప్పుకోబుద్ధి కాదు. ఇల్లంతా ఒక్క చూపుకు అందితే, అది ఇక ఎక్కడికీ పోదనిపిస్తుంది కాబోలు.

ఆమెకొక నియమముంది. ఏ ఇంటి బొమ్మ చేస్తే ఆ ఇంటి గోడ నుంచి రాలిన సున్నమే దానికి పూయాలి. రాలిన పెళ్లలను దంచి, పలుచని బట్టలో జల్లించి, తుమ్మబంకతో కలుపుతుంది. గట్టి గోడను ఏనాడూ గీకదు. కోర్పనా దగ్గర తాను పుట్టిన ఇల్లు సున్నపురాయి తవ్వకాలకు పోయిననాడు, కొంగున కట్టి తెచ్చుకున్న పిడికెడు మట్టితో మొదటి బొమ్మ చేసింది. గనిలో పనిచేసిన భర్త సీతారాం పోయాక ఈ పనే ఆమెకు తోడయింది.

ఆ నియమాన్ని గల్లీ జనం తలకిందులుగా అర్థం చేసుకున్నారు. మా ఇళ్ల కింద పాత బొగ్గు సొరంగాలున్నాయి. బొగ్గు తీసిన చోట ఇసుక నింపాలి. నింపారో లేదో చెప్పమని గని కార్యాలయానికి నేను రాసిన ప్రతి అర్జీకీ ‘పరిశీలనలో ఉన్నది’ అన్న జవాబే వచ్చింది. ఆ జవాబులన్నీ తేదీలవారీగా నా దగ్గరున్నాయి. నేల కుంగితే గోడ పగులుతుంది, పగిలిన గోడ సున్నం రాలుస్తుంది, అప్పుడు రాజక్క గిన్నె పట్టుకుని వస్తుంది. జనం చూసింది ఆ గిన్నెను మాత్రమే. ఆమె వచ్చి వెళ్లిన ఇల్లు కూలుతోంది గనుక ఆమే కూలుస్తోందని తేల్చారు. అర్జీ చదవని కార్యాలయాన్ని ఒక్క మాట అనలేనివారికి, ఒంటరి ఆడమనిషిని ‘మంత్రాలామె’ అనడానికి మాత్రం నోరు లేచింది. అలా అని మనిషిని వేధించడం ఈ రాష్ట్రంలో నేరమని చట్టం ప్రతి తెచ్చి చదివి వినిపించాను. విన్నవారు నా ఇంట్లో టీ తాగి వెళ్లిపోయారు.

ఈ వానాకాలం మొదట్లో రాజక్క పక్కింటి కోమల వంతు వచ్చింది. ఆ ఇంట్లో కోమల, కొడుకు దత్తు, కోడలు పల్లవి, నెలల పసిపాప ఉంటారు. పాప ఉయ్యాల కట్టిన దూలం పక్కనే గోడ నిలువునా చీలింది. దత్తు దానికి సిమెంటు పూసి, పైన క్యాలెండరు తగిలించాడు. ఇల్లు ఖాళీ చేయమని రాజక్క, నేను వెళ్లి చెప్పాం.

“యాడికి పోవాలె కాకా? కిరాయి నువ్వు కడ్తవా?” అని నవ్వాడు దత్తు. రాజక్క వైపు తిరిగి, “మావశీ, నీ బొమ్మల మా ఇంటికి స్లాబెయ్యి. మేం గూడ జర పెద్దోళ్లమైతం,” అన్నాడు.

“స్లాబు మొయ్యనీకి కింద నేలుండాలె గద బిడ్డా,” అంది రాజక్క.

బొమ్మ పూర్తయిన సాయంత్రం నేను రాజక్క ఇంట్లోనే ఉన్నాను. కోమల వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

“అక్కా, మా ఇల్లు ఇరగ్గొట్టు.”

“ఏ ఇల్లు?”

“గూట్ల వెట్టినవ్ సూడు, గదే. నీ కాళ్లు మొక్కుత. ఇంట్ల పసిపిల్ల ఉన్నది. గా బొమ్మ పోతె మా ఇల్లు నిలవడతది.”

రాజక్క బొమ్మను చేతిలోకి తీసుకుంది. దాన్ని నలిపేస్తే ఆమె మీది నింద ఆ క్షణమే తొలగిపోయేది. కోమల నిశ్చింతగా వెళ్లి ఆ గోడ పక్కనే పాపను పడుకోబెట్టేది. సొరంగాల సంగతి చెప్పబోయిన నన్ను రాజక్క చేత్తో ఆపింది.

“ఇరగ్గొట్ట,” అంది. “నువ్వన్నది నిజమే కోమలా. నా చెయ్యి గసొంటిదే. నా చేతవడ్డ ఇల్లు నిలవది. ఈ అమాస దాటది. పిల్లను తీస్కొని పో.”

కోమల గుమ్మం మీద ఉమ్మి వెళ్లిపోయింది. మర్నాడే ఆ కుటుంబం విసాపూర్‌లోని చుట్టాలింటికి తరలిపోయింది. వెళ్లేటప్పుడు దత్తు నవ్వలేదు.

అమావాస్య దాటింది. ఇల్లు నిలబడే ఉంది. తిరిగి వచ్చేస్తున్నామని కోమల కబురు పెట్టింది. వాళ్లు బయలుదేరకముందే, పట్టపగలు, నేల దిగిపోయింది. దూలం, క్యాలెండరు, ఉయ్యాల తాడు అన్నీ గుంటలోకి జారాయి. లోపల ఎవరూ లేరు. ఆ గుంటలోంచి చాలాసేపు వెచ్చని గాలి పైకి వచ్చింది.

ఇప్పుడు రాజక్క చేతి నీళ్లు గల్లీలో ఎవరూ తాగరు. ఆమె గుమ్మం ముందు కోసిన నిమ్మకాయలు పడుతున్నాయి. ఒకసారి రాయి కూడా పడింది. ఆనాడు ఆమె అన్నది అబద్ధమని అందరికీ చెబుతానంటే వారించింది.

“ఉండనీ కాకా. ఇంక కొన్ని ఇండ్లల్ల పిల్లలున్నరు. భయముంటెనే కదులుతరు.”

నిన్న వెళ్లినప్పుడు గూటి కింద గిన్నెలో జల్లించిన పొడి కనిపించింది. అది నీలంగా ఉంది. గల్లీలో నీలి సున్నం వేసిన ఇల్లు ఒక్కటే, రాజక్కది.

“గిదేంది రాజక్కా?”

“ముగ్గుల రంగు,” అంది, నా వైపు చూడకుండా.

“నడువు. వేరే కాడ ఇల్లు సూస్త నీకు.”

“మరి గివి ఎట్ల వస్తయి?” అని గూటిని చూపింది. “ఆటోల ఏస్తె మూల తిరిగేసరికి దుమ్మైతయి.”

అందులో అబద్ధం లేదు. చేత్తో ఎత్తితేనే వాటి గోడలు పొడి రాలుస్తాయి. గల్లీని భయపెట్టి కదిలించే మనిషిని కదిలించడానికి ఎవరూ మిగల్లేదు.

ఆమె టీ పెట్టడానికి లేచినప్పుడు ఆ నీలం పొడి కాస్త పొట్లం కట్టి తెచ్చాను. నాకు బొమ్మలు చేయడం రాదు, వేళ్లు వణుకుతాయి. అయినా రాజక్క ఇంటి బొమ్మ మొదలుపెట్టాను. గోడలకు అట్ట కావలసివచ్చి, ‘పరిశీలనలో ఉన్నది’ అన్న జవాబులను ఒకదాని మీద ఒకటి అతికించి కత్తిరించాను. కత్తిరించినవి జిరాక్సులే, అసలు ప్రతులు ఫైలులో భద్రంగా ఉన్నాయి. గిన్నెలోది రంగని ఆమె నాతో అనగలిగింది. తన ఇంటినే ఆమె అరచేతిలో పెడితే అలా తప్పించుకోలేదు, కదలక తప్పదు. అందుకే రేపటికల్లా పూర్తిచేయాలని కూర్చున్నాను. కప్పు ఒక్కటే మిగిలింది. ఈ తడి గాలికి బంక ఆరడం లేదు.