మగ్గం గుంత నడక

ఎమ్మిగనూరు నేతగాడు తిక్కయ్య నాటకాల్లో హాస్యగాడు. మగ్గం గుంతలోంచి లేచిన నాయన మోకాళ్లు వంగిపోయి ఎట్లా కుంటుతాడో, స్టేజీ మీద అట్లే కుంటి చూపించినాడు. సొంతూళ్లోనూ ఆదోనిలోనూ జనం పొట్టలు పట్టుకుని నవ్వినారు. ఆ నడకతోనే పేరొచ్చింది.

యాభై ఎనిమిదో ఏట అదే గుంత అతని మోకాళ్లనూ పట్టేసింది. ఆదోనిలో డాక్టరు దగ్గరికి పోతే, వరుసలో ఉన్నోళ్లు ఈలలేసినారు.

"ఈడ గూడా ఏసమేనా తిక్కయ్యన్నా?" అన్నాడు కాంపౌండరు, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటా.

"నొప్పప్పా, నిజంగానే."

ఆ మాటకు ఇంకా పగలబడినారు. తిక్కయ్య మందు తీసుకోకుండానే గోడ పట్టుకుని బయటికొచ్చినాడు.

ఊరి స్టేజీ మీద తిక్కయ్య ఆ నడక నడిచిన మర్నాటి నుంచి, చచ్చిపోయేదాకా, నాయన బజారుకు రాలేదు. ఎందుకని తిక్కయ్య ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అడిగే పని లేకపోయింది.