ఎడమచేతి విసురు

మా ఆవిడ ముప్పై ఏళ్లుగా కోర్టులో టైపిస్టు. నేను దర్జీని. అయినా మా వీధిలో ఆవిడని 'దర్జీగారి భార్య' అనే అంటారు. ఇద్దరివీ చేతి పనులే. కాకపోతే నా చెయ్యి నా మాట వింటుంది, ఆవిడ ఎడమచెయ్యి ఎవరి మాటా వినదు. టైపు మిషన్ మీద వరుస అయిపోయి గంట మోగగానే కొత్త వరుస కోసం పిడిని తోసిన చెయ్యి అది. కంప్యూటర్లు వచ్చాక కూడా గాల్లో తోస్తూనే ఉంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఈ ఉద్యోగంతో వచ్చిన బుద్ధి ఎప్పుడు పోతుందో!

కిందటి నెల ఆఫీసులో టాబ్లెట్లు ఇచ్చారు. స్క్రీన్ వేరు, కీబోర్డు వేరు. రెండూ కలిసే అంచున కరెంటు అందుకునే బంగారు రంగు చుక్కలు వరసగా, లోపల అయస్కాంతం. దగ్గర పెడితే టక్కున అతుక్కుంటుంది. నేను షాపులో సూదులు ఏరుకునే అయస్కాంతానికి అంత పట్టు లేదు. అయినా మా ఆవిడ విసురుకి ఆగితేగా! మొదటిరోజే ఆ చెయ్యి తగిలి స్క్రీన్ ఊడి బల్లకింద పడింది. ఊడిందంటే ఇక కీబోర్డు ఎంత కొట్టినా ఒక్క అక్షరం పడదు.

"శనివారం పరీక్షటండీ. ఒక్క మాట పోయినా నన్ను రికార్డు గదికి పంపేస్తారట, ఫైళ్ల కట్టలు కుట్టుకోమని."

"కుట్టడం నేను నేర్పిస్తాలే," అన్నాను. బుద్ధి లేదు నాకు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే రెండింటినీ కలిపి పట్టేలా ఎలాస్టిక్ పట్టీ ఒకటి కుట్టి ఇచ్చాను. పక్కకి నెట్టేసింది.

"నా పనికి తాళ్లు కట్టకండి."

పరీక్షరోజు ఆవిడ కళ్లజోడు మర్చిపోతే కోర్టుకి తీసుకెళ్లి ఇచ్చి, పరీక్ష గది కిటికీ బయటే నిలబడిపోయాను. అధికారి చదువుతున్నాడు, ఆవిడ కొడుతోంది. మూడో పేరాలో పడనే పడింది విసురు! స్క్రీన్ ఊడింది. కిందపడేలోపే ఒడిసి పట్టుకుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి చదవడం ఆపలేదు. ఈవిడ తాపీగా రుమాలుతో ఆ చుక్కలు తుడిచి, మళ్లీ అతికించింది. ఊడగానే స్క్రీన్ మీదకి వచ్చిన అక్షరాల పలక దానంతటదే పోయింది. అంతకుముందు కొట్టినదంతా ఎక్కడిదక్కడే ఉంది. ఆవిడ వేళ్లు మళ్లీ మొదలయ్యాయి. నా గుండె మాత్రం మొదలవలేదు.

అధికారి కాగితం పక్కన పెట్టుకుని మాటమాటా సరిచూశాడు.

"ఊడినప్పుడు నేను చదివిన నాలుగు వాక్యాలూ ఉన్నాయేంటమ్మా?"

"ఎక్కడికి పోతాయి సార్? కాగితం మార్చుకుంటున్నామని జడ్జిగారు ఆగేవారా? ఆయన చెప్పింది తలలో పెట్టుకునే కొత్త కాగితం ఎక్కించేవాళ్లం."

"మీ కుర్చీ మీదేనమ్మా," అన్నాడాయన. "సోమవారం నుంచి కొత్తవాళ్లని మీ పక్కన కూర్చోబెడతాను."

నాకు తెలీకుండానే చప్పట్లు కొట్టేశాను. అటెండరు పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరండీ మీరు? ఏం పని ఇక్కడ?"

ఛాతీ విరుచుకుని చెప్పాను.

"టైపిస్టుగారి మొగుణ్ణి."