హన్మంతు అడిగి తెచ్చుకున్న మూల

మా హన్మంతుకు ఏది నేర్చుకున్నా వెంటనే ఎక్కడో ఒకచోట వాడెయ్యాలనే దురద. బర్మింగ్‌హామ్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసు ఉద్యోగం. గురువారం సాయంత్రాలు లైబ్రరీలో చరిత్ర క్లాసు. 2004 సెప్టెంబరులో ఆ క్లాసులో ఒట్టోమన్ సామ్రాజ్యం మొదలైంది. సుల్తాను క్రైస్తవుల్నీ యూదుల్నీ వాళ్ల మతపెద్దల కిందే ఉండనిచ్చాడనీ, పెళ్లిళ్లూ వారసత్వ తగాదాలూ వాళ్లలో వాళ్లే తీర్చుకునేవారనీ, బదులుగా వేరే పన్ను కట్టేవారనీ టీచరమ్మ చెప్పింది. మనవాడు మురిసిపోయాడు.

ఆయన భార్య పుష్పలీలకు చాన్నాళ్లుగా ఒకటే కోరిక. తెలుగు సంఘం దసరా వేడుకలో, హాలు నడిమధ్యన బతుకమ్మ ఆడాలి. సంఘం నిండా కోస్తావాళ్లు. తెలంగాణ ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. ఏటా టైం లేదమ్మా అనేవారు. హన్మంతు వెళ్లి అధ్యక్షుడు వెంకటసుబ్బారావుకు సుల్తాను పద్ధతి వివరించాడు. మాకో మూల ఇవ్వండి, మా పెద్దను మేమే పెట్టుకుంటాం, చందా వేరేగా కడతాం అన్నాడు. ఇంత సులువైన బేరం ఆ పెద్దమనిషికి జన్మలో తగల్లేదు. వెంటనే ఒప్పుకుని చెత్తడబ్బాల పక్క మూల చూపించాడు. మైకు వద్దు, చప్పట్లు మెల్లగా, బతుకమ్మ స్టేజీ మీది అమ్మవారి కంటే ఎత్తుండకూడదు అన్నాడు.

తర్వాతి గురువారం మిగతా సగం పాఠం. చర్చి మసీదు కంటే ఎత్తుండకూడదు, గంటలు మోగకూడదు, చాలాచోట్ల గుర్రమెక్కకూడదు. రక్షణ ఉంది గానీ సమానత్వం లేదు అంది టీచరమ్మ. హన్మంతు పకపకా నవ్వాడు. ఎందుకని అడిగితే, ఇదంతా నేనే అడిగి తెచ్చుకున్నానన్నాడు.

ఇంటికెళ్లి చెబితే పుష్పలీల నవ్వలేదు.

"మనోళ్లల్ల మనమే మూలకు కూసునుడేంది? పండుగ మనది గాదా?" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయట.

పండగనాడు ఆమె సూపర్‌మార్కెట్లో దొరికిన చామంతులన్నీ పేర్చి, నడుమెత్తు బతుకమ్మను ఎవర్నీ అడక్కుండా హాలు మధ్యలో దించింది. వెంకటసుబ్బారావు గబగబా వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆయన భార్య లక్ష్మి చెప్పులు విడిచి, పుష్పలీల పక్కన చేరి చప్పట్లు అందుకుంది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్లంతా కదిలారు. కుర్చీలు గోడలకు జరిగిపోయాయి. అధ్యక్షులవారికి నిలబడటానికి చెత్తడబ్బాల పక్క మూలే మిగిలింది.

హన్మంతు ఓ కుర్చీ తెచ్చి అక్కడే వేశాడు.

"కూసోండ్రి సార్. మీ హక్కులకేం ఢోకా లేదు. చప్పట్లు మాత్రం జర మెల్లగ కొట్టుండ్రి."