కంకిపాడులో దిగిపోయాను

పొట్టలో పాలిప్ అనే చిన్న కండ పెరిగిందని, దాన్ని తీసి పరీక్షకు పంపాలని విజయవాడ డాక్టరు గారు చెప్పగానే నాకు భయమేసింది. మళ్లీ వస్తానని చెప్పి ఇంటికి వెళ్లే చల్లపల్లి బస్సెక్కేశాను. పక్కసీట్లో ఉన్న పెద్దావిడ నా చేతిలోని ఎండోస్కోపీ రిపోర్టు చూసింది.

"నేనూ ఆ పరీక్షకే వచ్చాను బాబూ," అంది.

"మీకూ పాలిప్ ఉందా అండీ?"

"రెండుండేయి. ఒకటి వదిలేస్తే క్యాన్సరయ్యే రకమని, నోట్లోంచి గొట్టం వేసే తీసేశారు. రెండోది ఏం చెయ్యదన్నారు. అయినా రమ్మన్నప్పుడల్లా వచ్చి చూపించుకుంటన్నా."

"భయం వెయ్యదా?"

"ఎందుకెయ్యదూ? ఇప్పటికీ భయమే. అదేంటో తెలుసుకోకుండా ఇంట్లో కూర్చుంటే మాత్రం భయం పోద్దా?"

పరీక్ష కోసం పొద్దుట్నుంచీ పస్తున్న ఆవిడ బాక్సు తెరిచి, పెరుగన్నం నిదానంగా, మెతుకు మిగల్చకుండా తినేసింది. నేను చూస్తూ కూర్చున్నాను.

దారిలో కంకిపాడులోనే దిగి, వెనక్కి విజయవాడ వెళ్లే బస్సెక్కాను. ఆస్పత్రిలో నన్ను చూసి నర్సు ఆశ్చర్యపోయింది. "తీయడానికి తేదీ ఇవ్వండమ్మా. ఇచ్చేదాకా వెళ్లను," అన్నాను.

తీశారు. అదీ క్యాన్సరుగా ముదిరే రకమేనని, ఇంకా ముదరలేదని రిపోర్టు వచ్చింది. అది చదివాకే, ఆ రోజు ఆస్పత్రి నుంచి పారిపోయిన సంగతి మా ఆవిడకు చెప్పాను.