అత్త కార్తీక స్నానాలు

నా చిన్నప్పుడు ఒక కార్తీకమాసంలో మా మేనత్త రోజూ తెల్లవారగానే నదీస్నానానికని వెళ్లేది. గద్వాలకు కొంత దూరంలో, కృష్ణ ఒడ్డునే ఉండేది మా ఊరు. ఇంట్లో రెండు మగ్గాలు. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే అత్త పుట్టింటికి వచ్చి, వాటిలో ఒకదాని మీద చీరలు నేసేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మొదట అనుమానం వచ్చింది నాకే. కార్తీక స్నానమంటే తల మునగాలి కదా. అత్త తిరిగి వచ్చేసరికి చీర మోకాళ్ల దాకా తడిసి ఉండేది, జడ మాత్రం పొడిగా ఉండేది. ఒకరోజు ఆమె కొంగు ముడిలో తెల్ల కోడి ఈక కనిపించింది. మా ఇంట్లో కోళ్లు లేవు. ఈ సంగతి మా జేజి, అంటే నాయన తల్లి, చెవిన వేశాను. జేజి రాట్నం ఆపి గుమ్మం వైపు చూసింది. ఆ రోజు నుంచి కూతురికి అన్నం పెట్టేది గానీ మాట్లాడేది కాదు. ఎందుకో నాకు తెలియదు. ఏదో రహస్యం పట్టేశానన్న గర్వం మాత్రం ఉండేది.

నాలుగు రోజులయ్యాక ఉండబట్టలేక అత్త వెనకే వెళ్లాను. ఆమె స్నానాల రేవు దాటి, బండల సందులో దాచిన పొడవాటి వెదురు కర్ర తీసింది. దారం కొసన గాలం ఉంది, ఎర లేదు. గాలానికి కోడి ఈక, తెగిన జరీ పోగు చుట్టి ఉన్నాయి. వానలు వెనకబట్టి నీళ్లు తేటపడ్డాయి. అత్త మోకాళ్ల లోతులో నిలబడి కర్ర విసిరితే, ఆ ఈక పురుగు వాలినట్టు నీటి మీద వాలేది. అడుగు నుంచి ఒక నల్లటి నీడ వచ్చి, ఈక దగ్గర ఆగి, వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి నీళ్లు బద్దలయ్యాయి. అత్త కాలు జారడం చూసి, దాక్కున్న సంగతి మరిచిపోయి పరుగెత్తి ఆమె నడుము పట్టుకున్నాను.

దొరికింది నా అంత పొడవున్న వాలుగ. అత్త దాని నోటి నుంచి గాలం తీసి, ఊపిరి తిరిగేదాకా నీళ్లలోనే పట్టుకుని వదిలేసింది. ఈక కట్టడం భర్త నేర్పాడట. కార్తీకంలో చేప ఇంటికి తేకూడదు గనుక పట్టినవన్నీ వదిలేస్తుందట. జేజికి చెప్పానని ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను.

"వాలుగకు శానా అనుమానం కోడలా. గని యాడనో కూసొని ఏందేందో అనుకోదు, దగ్గరికొచ్చి చూస్తది. నువ్వు గూడ వచ్చి చూసినవ్. నయమే."

"దగ్గరికొచ్చినందుకే గద దొరికింది?" అన్నాను.

అత్త నవ్వింది. "దొరికింది. ఇడిసిపెట్టిన గద."

జేజి అడిగితే ఏం చెప్పాలన్నాను. చూసింది చూసినట్టే చెప్పమంది, తనకోసం అబద్ధమాడొద్దంది.

జేజి అడగలేదు. నేనే వెళ్లి, అత్త నదిలో చేపలు పడుతోందని చెప్పాను.

"ఒక్కతేనా?" అంది జేజి.

ఒక్కతే అన్నాను. కార్తీకంలో చేపలేమిటని మండిపడుతుందనుకుంటే, కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. అత్త మగ్గం దగ్గరికి వెళ్లి, "బువ్వ తిందువు రా బిడ్డా" అంది. అన్ని రోజులకు అదే మొదటి మాట.

ఆ 'ఒక్కతేనా'కు అర్థం తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తెలిశాక, ఒక తల్లి చెవిలో నేను వేసిందేమిటో కూడా అర్థమై, ఒంటరిగా కూర్చుని సిగ్గుపడ్డాను.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. ఎవరి గురించైనా మనసులో ఏదైనా మెదిలితే, మోకాళ్లు నొప్పి పెడుతున్నా లేచి వాళ్లింటికే వెళతాను. అడగాలనుకున్నది చాలాసార్లు అడగకుండానే, వాళ్లతో చాయ్ తాగి తిరిగొస్తాను.