ఇరవై తూటాల పిసినారి

ఊరంతా తనని పిసినారి అంటుంటే ఒక మనిషికి అంత సంతోషం దేనికి? హాల్వార్డ్ స్టెనెరుడ్ గుర్తొచ్చినప్పుడల్లా ముందు తలెత్తే ప్రశ్న ఇదే. ఎన్నాళ్లు ఆలోచించినా దీనికి సమాధానం దొరకలేదు. ఇక దొరుకుతుందన్న ఆశా లేదు.

అమెరికాలో, మోంటానా రాష్ట్రం ఉత్తరపు మెట్టలో ఉన్న టెల్మార్‌లో హాల్ అని పిలిచే ఇతన్ని ఎరగనివాళ్లు లేరు. ముప్పై ఒక్క ఏళ్లు కౌంటీ మట్టిరోడ్లను గ్రేడర్‌తో చదును చేశాడు. రిటైరయ్యాక కూడా దారిలో గతుకు కనిపిస్తే బండి ఆపి దిగి, ఎవరో తనని పేరుపెట్టి తిట్టినట్టు దానివంక చూస్తూ నిలబడేవాడు. ఆదివారాలు గురి మైదానంలో జనం సరదాగా తుపాకులు కాల్చి, తూటాల ఖాళీ డొల్లలు గడ్డిలోనే వదిలేసి పోయేవాళ్లు. అందరూ కదిలాక హాల్ నడుం వంచి, గింజలేరే కోడిలా, ఇత్తడి డొల్లలన్నీ ఏరుకునేవాడు.

"హాల్, ఇక్కడొకటి మర్చిపోయావు" అని బూటుతో చూపించేవాడు మెర్ల్ పాష్కే. ఊళ్లో హార్డ్‌వేర్ కొట్టు అతనిదే.

"చూశాన్లే. అది నీది. మూతి చీలిపోయింది. యజమానికీ దానికీ ఎంత పోలికో!"

కాల్చిన డొల్ల హాల్ దృష్టిలో చెత్త కాదు. అడుగున కొత్త ప్రైమర్ దిగ్గొట్టి, కొలిచి మందు పోసి, మూతికి సీసపు గుండు బిగిస్తే అది మళ్లీ తూటాయే. ప్రైమర్ అంటే కందిగింజంత చిన్న బిళ్ల. ట్రిగ్గర్ నొక్కినప్పుడు మందుకి నిప్పంటించేది అదే. మిగతావన్నీ ఎలాగోలా సంపాదించుకోవచ్చు గానీ, ఆ బిళ్ల మాత్రం ఇంట్లో చేసుకునేది కాదు.

లోకమంతా జబ్బుకి భయపడి తలుపులు వేసుకుంది కదా, ఆ మరుసటేడు దేశంలో ఎక్కడా ప్రైమర్లు దొరకలేదు. తూటాలూ దొరకలేదు. మెర్ల్ తన కొట్టులో ఖాళీ అర మీద అట్టముక్క ఒకటి తగిలించాడు: "ప్రైమర్లు లేవు. ఎప్పుడొస్తాయో తెలీదు. మళ్లీ అడగొద్దు." అయినా బుధవారం సరుకు లారీ వచ్చే వేళకి పదిమంది మగవాళ్లు కొట్టులో తేలేవాళ్లు. ప్రైమర్ల కోసం వచ్చామని ఒప్పుకోవడానికి మొహమాటం. తలుపు బందులు చూస్తున్నట్టు నటించేవాళ్లు, ఉత్త చేతులతో పోలేక ఓ జత కొనేవాళ్లు. ఆ ఏడాది టెల్మార్‌లో అమ్ముడుపోయినన్ని తలుపు బందులు ఆ ఊరి తలుపులన్నిటికీ కలిపినా అక్కర్లేదు.

అప్పుడే మెర్ల్ ఓ మాట వదిలాడు: హాల్ ఇంటి కింద గదిలో పదివేల ప్రైమర్లున్నాయట. ఆ మాట ఊరు చుట్టి వచ్చేసరికి పాతికవేలయింది. హాల్ అవుననలేదు, కాదనలేదు. ఒకరు చోక్‌చెర్రీ పళ్ల జామ్ తెచ్చారు, ఒకరు పొగబెట్టిన చేప తెచ్చారు, ఇంకొకరు దాల్చినచెక్క రొట్టెలు పళ్లెం నిండా తెచ్చారు. హాల్ వాళ్లని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తెచ్చింది వాళ్లతో కలిసే తిని, పళ్లెం కడిగి చేతికిచ్చి, "ఇవ్వడానికి లేవయ్యా" అనేవాడు. అని ఓ నవ్వు నవ్వేవాడు. ఆ నవ్వు చూశాక ఆ మాట ఎవరు నమ్ముతారు?

ఆర్డిస్ క్రౌస్ కూడా నమ్మలేదు.

ఆర్డిస్ ఇల్లు హాల్‌కి రెండిళ్ల అవతల. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. భర్త పోయి తొమ్మిదేళ్లు. అరవై తొమ్మిదో ఏట, ఆ ఎండాకాలంలో, ఆమెకి ఓ ఉత్తరం వచ్చింది. నది లోయల్లో మగ ఎల్క్‌ని, అంటే గుర్రమంత దుప్పిని, వేటాడే పర్మిట్‌కి ఏటా లాటరీ తీస్తారు. పద్నాలుగేళ్లుగా దరఖాస్తు పెడుతూ వచ్చిన ఆర్డిస్ పేరు ఈసారి తగిలింది. ఉత్తరాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది, తీసి మళ్లీ చదివింది, మళ్లీ అంటించింది. ఈ ఏడు పోకపోతే మళ్లీ వరస చివరికే. ఇంకో పద్నాలుగేళ్లంటే తనకి ఎనభై మూడు.

రైఫిల్ ఉంది, తండ్రిది. తూటాలు నాలుగే ఉన్నాయి. పోయిన చలికాలం దాని దుర్భిణి మార్పించింది. గురి కుదరాలంటే అయిదారు తూటాలైనా కాల్చి చూడాలి. గురి చూసుకోకుండా జంతువు మీద కాల్చడం ఆమె పుట్టింట్లో చర్చి ఎగ్గొట్టడం కన్నా పెద్ద తప్పు. ఎవరిదైనా రైఫిల్ అరువడుగుదామంటే వాళ్లకీ తూటాలు లేవు. చివరికి తన పాత డొల్లలు ఇరవై ఓ ఊలు మేజోడులో వేసుకుని హాల్ షెడ్డుకి వెళ్లింది.

"నాలుగున్నాయి నా దగ్గర" అంది.

"నాలుగు చాలవా? మీ నాన్న ఒక్కదానితో ఎల్క్‌ని తెచ్చేవాడు."

"మా నాన్న అబద్ధాలు కూడా బాగా ఆడేవాడు."

"ఇవ్వడానికి లేవని ఊరంతటికీ చెప్పాను కదా. నువ్వు ఊళ్లోదానివి కాదేంటి?"

"పద్నాలుగేళ్లు, హాల్. ఈసారి దాటితే నన్ను చక్రాల కుర్చీలో తోసుకెళ్లాలి లోయకి. నువ్వే తోయాలి."

హాల్ మేజోడు బల్ల మీద బోర్లించి, ఒక్కో డొల్లనీ కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి చూశాడు.

"ఎప్పుడైనా కడిగావా వీటిని?"

"నువ్వు మొహం కడిగేదాని కన్నా ఎక్కువసార్లే."

"సరే, వదిలేసి పో. చూస్తాను. మాటివ్వట్లేదు, గుర్తుంచుకో."

నాలుగో రోజు పొద్దున ఆమె కిటికీ రెక్క మీద టకటకమని చప్పుడైంది. హాల్ చేతిలో అట్టపెట్టె, మీద చీమతలకాయలంత అక్షరాలతో తారీఖు, మందు కొలత, సంఖ్య. ఇరవై తూటాలు.

"ఊళ్లో చెప్పావంటే వెనక్కి తీసేసుకుంటాను."

"ఏమిమ్మంటావు దీనికి?"

"డొల్లలు. ఇరవైకి ఇరవై తిరిగి రావాలి. ఒకటి గడ్డిలో పారేసుకున్నా ఊరుకునేది లేదు."

ఆర్డిస్‌కి సంతోషంతో పాటు ఒళ్లు మండింది కూడా. అయితే నిజమేనన్నమాట! ఊరు ఊరంతా అల్లాడుతుంటే కింద గదిలో పదివేలు పెట్టుకుని కూర్చున్నాడన్నమాట ఈ ముసలి నక్క. తనకిచ్చాడు కాబట్టి తిట్టే వీల్లేకుండా పోయింది. అదింకా కోపం.

అయిదు తూటాలతో గురి కుదిరింది. అక్టోబర్ చివర్లో మెర్ల్‌ని సాయం తీసుకుని లోయకి వెళ్లింది. మూడో రోజు ఉదయం, మంచు కరుగుతున్న వాలులో, ఆరో తూటాతో పని ముగిసింది. జంతువు పక్కన మోకాళ్లూని, దాని మెడ మీద చెయ్యేసి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తూటాల పెట్టె మీద చీమతలకాయ అక్షరాలు చూసి మెర్ల్ ఈలేశాడు. "అదీ సంగతి! ముసలాడి గుహలోకి దారి నీకొక్కదానికే తెలుసన్నమాట!" అన్నాడు. మాంసం ట్రక్కు దాకా మోయడానికి ఇద్దరికీ ఒక రోజంతా పట్టింది.

ఇంటికి రాగానే వెనక తొడ ఒకటీ, కాల్చిన డొల్లలు ఆరూ పట్టుకుని హాల్ షెడ్డుకి వెళ్లింది. హాల్ ఇంట్లో లేడు. షెడ్డు తలుపుకి తాళం ఎప్పుడూ ఉండదు. మాంసం ఫ్రీజర్‌లో పెట్టి, డొల్లలు ఎక్కడ పెట్టాలా అని బల్ల చూసింది. బల్ల మీద ఓ డబ్బా, అందులో పొడుగాటి డొల్లలు. హాల్ రైఫిల్‌వి. తన డొల్లలు అందులో వేయబోయి ఆగింది. ఒకటి తీసి మూతిలోకి తొంగిచూసింది.

కాల్చిన డొల్ల లోపల మసి ఉంటుంది. ఇది అద్దంలా మెరుస్తోంది. కాల్చని తూటా అన్నమాట. కానీ గుండు లేదు, మందు లేదు, అడుగున ప్రైమర్ ఉండాల్సిన చోట చిల్లు. ఇంకోటి తీసింది. అదీ అంతే. అన్నీ తీసి లెక్కపెట్టింది. ఇరవై.

హాల్ ఏటా వేటకి సరిగ్గా ఇరవై తూటాలే చేసుకుని, చిల్లులున్న చెక్కదిమ్మలో వరసగా నిలబెట్టి, నవంబర్ దాకా చూసుకుని మురిసేవాడు. ఆ దిమ్మ ఖాళీగా ఉంది. అతని తూటా పొడవు వేరైనా, దాంట్లోంచి విప్పదీసిన ప్రైమరూ గుండూ ఆమె రైఫిల్‌కీ సరిపోయేవే. పైన అరలో ప్రైమర్ల అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆర్డిస్ ఒకదాన్ని వేలితో తోసింది. ఉత్తదే. రెండోదీ ఉత్తదే. ఖాళీ పెట్టెల్ని కూడా పారేయలేకపోయాడు మానవుడు. కింద గదిలోకి వెళ్లి చూడాల్సిన అవసరం ఆమెకి కనిపించలేదు.

సీజన్ ఇంకా నాలుగు వారాలుంది. యాభై రెండేళ్లలో ఒక్కసారి కూడా వేట మానని హాల్, ఈసారి మోకాలు బాగాలేదని అందరికీ చెప్పేశాడు.

మర్నాడు మిగిలిన పద్నాలుగు తూటాలూ తీసుకుని మళ్లీ వెళ్లింది. రాత్రంతా ఆలోచించి ఓ సాకు తయారు చేసుకుంది.

"ఇవి భుజానికి మరీ గట్టిగా తన్నుతున్నాయి, హాల్. నాకొద్దు. విప్పదీసి నీవాటికి వాడుకో."

"తన్నుతున్నాయా?" హాల్ కుర్చీలోంచి లేచాడు. "నలభై ఏళ్లలో నా తూటా తన్నిందన్నవాడు లేడు. నువ్వు కాల్చిందే ఆరు. ఏ భుజం? చూపించు."

"చూపించను. పెద్దదాన్ని, నా మాట మీద గౌరవం ఉండాలి."

"భుజం భేషుగ్గానే ఉంది. నోరు అంతకన్నా బాగుంది. ఇవి నాకెందుకు? కింద గది నిండా ఉన్నాయి నాకు."

రెప్పైనా వేయకుండా అన్నాడు. నిజం ఆర్డిస్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"మోకాలు ఎలా ఉంది?"

"ఏ మోకాలు?" అని, వెంటనే, "ఆ, మోకాలా. ఏం చెప్పమంటావు, చాలా బాధగా ఉంది" అంటూ కుడిదాన్ని పట్టుకున్నాడు. మొన్న మెర్ల్‌కి చెప్పినప్పుడు అది ఎడమది.

తూటాలు ఆమె సంచిలోనే తిరిగి ఇంటికొచ్చాయి. ఆ తర్వాత రెండుసార్లు తీసుకెళ్లింది, రెండుసార్లూ అంతే. నిజం బయటపెట్టేస్తే పుచ్చుకునేవాడేమో. కానీ నాకు తెలిసిపోయిందని చెప్పిన మరుక్షణం ఆ మనిషి మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటే ఆమెకి ధైర్యం చాలలేదు. సీజన్ అలాగే గడిచిపోయింది.

సీజన్ ముగిశాక వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఊరి సమావేశ మందిరంలో వేటగాళ్ల విందు. ఎవరి వంట వాళ్లు తెస్తారు, మెర్ల్ లేచి ఉత్తుత్తి బహుమతులు పంచుతాడు. ఎక్కువ తూటాలు గాలిలో వదిలినవాడికొకటి, ట్రక్కు బురదలో దింపినవాడికొకటి. చివరగా ఓ నీలం రిబ్బను ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది ఈ ఏటి మహా పిసినారికి! పదివేల ప్రైమర్ల మీద పొదిగే కోడిలా కూర్చుని, ఒక్కటి ఖర్చవుతుందేమోనని వేటకే పోని మన హాల్‌కి!"

జనం గొల్లుమన్నారు. హాల్ ఎర్రబడ్డ మొహంతో, పెళ్లికొడుకులా నిలబడి, చొక్కాకి రిబ్బను గుచ్చించుకుని, మళ్లీ పళ్లెం ముందు కూర్చున్నాడు. అంత ఆనందంగా అతన్ని ఎవరూ చూడలేదు.

"ఆగండాగండి" అన్నాడు మెర్ల్. "ఆర్డిస్‌కి మాత్రం ఇరవై ఇచ్చాడు. పెట్టె నా కళ్లతో చూశాను. నిజం చెప్పు, ఆర్డిస్, ఎలా కొట్టేశావు?"

అందరి తలలూ తిరిగాయి. హాల్ పళ్లెంలో ఫోర్కు కదలడం మానేసింది. ఆర్డిస్ లేచి నిలబడింది. నెల రోజులుగా దాచుకున్న మాట అది. వీళ్లందరి ముందూ చెప్పేస్తే ఈ నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఒక్కొక్కరూ లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంటారు. ఆ చొక్కా మీది రిబ్బను వంక చూసింది.

"ఇవ్వడం కూడానా? డొల్లలు ఇరవై లెక్కపెట్టి తీసుకున్నాడు, ఇరవై తిరిగి రావాలన్నాడు. నా ఎల్క్‌ది వెనక తొడ ఒకటి పోయింది. కాఫీ కూడా పోయలేదు. ఇంతకన్నా పిసినారి మీకెక్కడైనా ఉంటే తీసుకురండి, నేను చూస్తాను!"

బల్లలు దద్దరిల్లాయి. ఎవరో ఈల వేశారు. మెర్ల్ తన టోపీ తీసి హాల్‌కి వంగి దండం పెట్టాడు. హాల్ మాత్రం నవ్వలేదు. ఆర్డిస్ వైపు చూశాడు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు. అంతసేపు చూసుకుంటే, ఆమెకి తెలిసిపోయిందన్న సంగతి అతని దగ్గర ఎలా దాగుతుంది? అతను కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

వెళ్లి మాట్లాడాలనుకుంది ఆర్డిస్. ఉత్త చేతులతో ఎలాగని, వంటగదిలోకి వెళ్లి రెండు కప్పుల్లో కాఫీ పోయించుకుంది. ఒకదాంట్లో చక్కెర మూడు చెంచాలు, హాల్‌కి అలాగే కావాలి. దారిలో ఎవరో ఎల్క్ కొమ్ముల కొలత అడిగారు, ఆగి చెప్పింది.

బల్ల దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన కూర్చున్న ఇద్దరినీ అడిగితే, ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నాడే అన్నారు. పళ్లెంలో సగం తిన్న రొట్టె. కిటికీలోంచి చూస్తే అతని పాత ట్రక్కు అప్పటికే మట్టిరోడ్డు ఎక్కి, గతుకుల్ని తప్పించుకుంటూ మెల్లగా పోతోంది.